కోటమ్మను కడిగిన రోజు

గండికోటను మా అమ్మాయి సుజాత మొన్నటి దాకా చూడలేదు. తన ఆఫీసులో ఎవరి ఫోను తెరిచినా పెన్నా గండి బొమ్మే కనిపిస్తోందనీ, దాని పక్కనే పుట్టిన తండ్రి ఉండి కూడా తనకు చూసే యోగం లేదనీ దెప్పి, ఒక మంగళవారం సెలవు పెట్టి, కారు తనే నడుపుతూ హైదరాబాదు నుంచి నన్ను ఎక్కించుకుని వచ్చింది. ఎర్రరాతి అంచున జనం వరుసగా నిలబడి, లోయకు వీపు తిప్పి, తమ ముఖాలకు తామే ఫోటోలు తీసుకుంటున్నారు. ధాన్యాగారం గోడ మీద ఒకతను మేకుతో తన పేరూ, పక్కనున్న అమ్మాయి పేరూ గీకుతుంటే నాకు ఒళ్లు మండింది. ఆ గోడను కట్టినవాళ్లే తమ పేర్లు రాసుకోలేదు, నీ పేరు దానికెందుకని నిలదీశాను. అతను "సారీ తాతా" అని మేకు జేబులో వేసుకున్నాడు. "నాన్నా, నిన్నెవరైనా ఇక్కడ కాపలా పెట్టారా?" అంటూ సుజాత నా చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. ఇతరుల తప్పులు దిద్దే ఉత్సాహం నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. ఆ పూట మరీ ఎక్కువగా ఉంది.

అక్కడి నుంచి మా ఊరి కోటకు కూడా పోదామన్నది నేనే. కోట అనడానికి గండికోట ముందు సిగ్గేస్తుంది. ఏ పాలెగాడు కట్టించాడో తెలియదు. గుట్ట మీద సగం కూలిన బురుజులు రెండు, ఎండిపోయిన గుంట ఒకటి, రాతి ద్వారం ఒకటి. ద్వారం లోపల ఎడమపక్కన గోడకు ఆనుకుని రొమ్మెత్తు నల్లరాయి నిలబడి ఉంటుంది. మా ఊళ్లో దాన్ని కోటమ్మ అంటారు. నేను ఆ గుట్ట ఎక్కి ఎన్ని ఏళ్లయిందో చెప్పలేను. ఈసారి ఎక్కితే ద్వారానికి ఇనుప కటకటాలు, వాటికి తాళం. పక్కన కాషాయం రంగు బోర్డు. పూర్వం ముస్లిం సైన్యాలు ఈ కోట మీద పడి అమ్మవారి రూపాన్ని చెక్కేశాయని, ఆలయం కట్టడానికి భక్తులు ముందుకు రావాలని రాసి ఉంది. కింద కమిటీ అధ్యక్షుడిగా మా అన్న కొడుకు ఓబులేసు పేరు, చేతులు జోడించిన ఫోటో.

కటకటాల బయట మెట్టు మీద ఒకామె గిన్నె ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. గిన్నెలో ఆముదం. దూదేకుల దస్తగిరమ్మ. వాళ్ల అవ్వ పీరమ్మ నా చిన్నతనంలో ప్రతి మంగళవారం, శుక్రవారం ఆ రాయికి ఆముదం రుద్దేది. పీరమ్మ తర్వాత కోడలు, కోడలి తర్వాత ఈమె. పెద్ద పండగకు నమాజుకు పోయే ఇల్లే. కోటమ్మకు మాత్రం ఆ ఇంటి చెయ్యి తగిలాకే ఊరివాళ్లు పసుపు పూసేవాళ్లు. ఇది ఎందుకని ఆ రోజుల్లో ఎవరూ అడగలేదు. నేనైతే రెండింటినీ కలిపే ఎగతాళి చేసేవాణ్ణి.

"ఏం దస్తగిరమ్మా, ఈడ కూర్చున్నావేమి?" అన్నాను. ఊరు చేరితే నా నోటికి ఊరి మాటే వస్తుంది.

"లోపలికి పోనీలేదు గదన్నా. నెలయ్యింది తాళమేసి. మీవాళ్లే పగలగొట్టిరి, మళ్లా మీ చెయ్యేంటికి అంటాండారు. మావాళ్లు యాడ పగలగొట్టినారో నాకేం తెలుసు? మంగళవారమొస్తే కాలు ఆగదు. వచ్చి కూర్చుంటా, పోతా."

ఆమె గొంతులో ఏడుపు లేదు. విసుగు ఉంది. సుజాత బోర్డు చదివి నా వైపు చూసింది. నేను కటకటాల్లోంచి రాయిని చూశాను. ఆముదపు జిడ్డు కింద కూడా పైభాగమంతా చర్మం ఒలిచినట్టు, పొర లేచిపోయి, గరుకుగా ఉంది. దాన్ని అలా చేసిన సైన్యంలో ఒక్కడే ఉన్నాడు. పందొమ్మిదేళ్లవాడు, కడప కాలేజీలో చదువుతున్నవాడు, ఊరి బడి అయ్యవారి చిన్న కొడుకు. నేను.

మా నాయన బడిపంతులు. దేవుడు లేడని చెప్పేవాడు కానీ, లేడని ఎవరిచేతా ప్రమాణం చేయించలేదు. మా ఇంటి ముందు నాపరాళ్ల అరుగు ఉండేది. పొద్దు వాలగానే దాని మీద నీళ్లు చల్లేవాళ్లం. పగలంతా కాగిన బండ నుంచి ఆవిరి లేచి ఒక రకమైన మట్టివాసన వచ్చేది. ఆ బండ చల్లారే వేళకు నలుగురూ చేరేవాళ్లు. పురాణం చెప్పే ఆచారి, రంగులద్దే సాయిబు, చర్చికి పోయే కంపౌండరు, ఏమీ నమ్మని మా నాయన. వాదన మొదలైతే అమ్మ సంగటి దించేదాకా ఆగేది కాదు. నాయన దగ్గర ఒకటే ఆయుధం. ఎవరు ఏ మాట చెప్పినా "ఎట్ల తెలిసింది?" అనేవాడు. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు ముందుకు వంగి అడిగేవాడు. ఇంట్లో కూడా అదే. అమ్మ ఒకరోజు "సంగటి ఉడికింది, లెయ్యండి" అంటే ఎట్ల తెలిసిందన్నాడు. "చెయ్యి కాలింది, అట్ల తెలిసింది. నీకూ తెలియాల్నా?" అని అమ్మ తెడ్డు పట్టుకుని వచ్చింది. అరుగంతా నవ్వింది. అందరికంటే ఎక్కువ నాయనే నవ్వాడు.

మా అవ్వ, అంటే నాయన తల్లి, కోటమ్మ భక్తురాలు. తలకు రాసుకునే ఆముదంలోంచి సగం తీసి చిన్న ముంతలో పోసి అటక మీద దాచేది. ఇంట్లో ఏ మూలకు పోయినా ఆ వాసనే. ఆముదం, ఎండుమిరప, శెనక్కాయల గోనెలు కలిసిన వాసన. అవ్వ గుట్ట ఎక్కలేని వయసులో ఆ ముంత పీరమ్మకు అందించే పని నాది. పీరమ్మ దూది ఏకే ఇంటి కోడలు కాబట్టి ఆమె కనుబొమల మీద ఎప్పుడూ తెల్లటి నూగు ఉండేది. ముంత అందుకుని "మీ నాయన దేవుణ్ణి యాడ దాచిపెట్టినాడో కనుక్కున్నావా అబ్బీ?" అనేది. ఆమె నన్ను ఆటపట్టిస్తుంటే నాకు మంట. నాయన ఆ ముంతను ఒక్కనాడూ ఆపలేదు. అదేమని నేను గొడవపడితే, "మాటతో కొట్లాడు. వస్తువు మీద చెయ్యి వెయ్యొద్దు" అన్నాడు. అది నాకు పిరికితనంగా తోచింది.

కాలేజీలో నేను డిబేట్లలో కప్పులు గెలిచాను. మైకు ముందు నిలబడితే చప్పట్లు ఎక్కడ పడతాయో ముందే తెలిసిపోయేది. వేసవి సెలవులకు ఊరికొచ్చి, రచ్చబండ దగ్గర సవాలు విసిరాను. కోటమ్మ ఒంటి మీది జిడ్డంతా కడిగేస్తాను, మూడు రోజుల్లో నాకేమీ కాకపోతే ఊళ్లో ఎవరూ ఆముదం తీసుకుపోకూడదు అన్నాను. మావాళ్లకు వినోదం కావాలి, ఒప్పుకున్నారు. నాయన ఆ వారం పరీక్ష పేపర్లు దిద్దడానికి జమ్మలమడుగు పోయాడు. ఆయన లేని రోజునే ఎంచుకున్నానని ఇన్నేళ్ల తర్వాత ఒప్పుకోవడానికి నాకు అభ్యంతరం లేదు.

మంగళవారం పొద్దున్నే ఊరు సగం గుట్ట ఎక్కింది. చింతపండు పులుసు పోశాను, సవుడు మట్టితో రుద్దాను, కొబ్బరిపీచుతో తోమాను. తరతరాల ఆముదం, మసి, పసుపు కలిసి గట్టిపడిన పెంకు అది. వేలెడు మందం ఉంది. కదల్లేదు. జనంలోంచి "అమ్మ వదల్లేదప్పా!" అని ఒకడు అరిచాడు. నవ్వులు. ఆ నవ్వులు నాకు పడలేదు. గుట్ట మీది ముళ్లకంప లాక్కొచ్చి రాయి చుట్టూ పేర్చి నిప్పంటించాను. ఆముదం కదా, భగ్గుమంది. ఆడవాళ్లు వెనక్కి జరిగారు. పెంకు కరిగి, బుడగలు కట్టి, పేడుల్లా ఊడి పడింది. మంట తగ్గాక పొగలోంచి రాయి ముఖం బయటపడింది.

రాయి నిండా అక్షరాలున్నాయి.

గుండ్రటి పాత తెలుగు అక్షరాలు, వరుసల వరుసల్లో. కళ్లు మండుతున్నా దగ్గరికి పోయాను. ఒక్క మాట కలుపుకోగలిగాను. "వారికి". ఎవరికి? ఏమిచ్చారు, ఎవరిచ్చారు? మిగిలినదంతా మసి కింద ఉంది. అందరికంటే ముందు నేను చదవాలి. చదివి, వెనక్కి తిరిగి, ఇది దేవత కాదు, శాసనం, చూడండి అని గట్టిగా చెప్పాలి. ఎంత గొప్ప ముగింపు! "ఆగు అబ్బీ, ఆగు!" అని పీరమ్మ అరుస్తోంది. కుండలో నీళ్లు ఎత్తి రాయి ముఖాన కొట్టాను.

నాపరాయి గనుల పక్కన పుట్టినవాణ్ణి నేను. బండను చీల్చాలంటే మంట పెట్టి నీళ్లు కొడతారని మా ఊళ్లో నడక నేర్చిన పిల్లకు కూడా తెలుసు. ఆ పని నేను కొన్ని వందలసార్లు చూశాను. ఆ క్షణంలో గుర్తు రాలేదు. టప్‌మని ఒక చప్పుడు, తర్వాత వరుసగా చిన్న చప్పుళ్లు. పొర పొరంతా లేచి, జారి, నా కాళ్ల దగ్గర పడి పెచ్చులైపోయింది. చేతిలోకి తీసుకుంటే పిండిలా రాలింది. ఎన్ని వందల ఏళ్లు నిలిచిందో గానీ, నా చేతిలో ఒక్క నిమిషం నిలవలేదు. వాన పడకుండా, ఉప్పు పట్టకుండా దాన్ని అన్నాళ్లూ కాపాడింది నేను అసహ్యించుకున్న జిడ్డే.

పీరమ్మ నన్ను తిట్టలేదు. కింద కూర్చుని పెచ్చులు ఏరబోయి, అవి నిలవకపోయేసరికి చెయ్యి కొంగుకు తుడుచుకుంది. "నలభై ఏండ్లుగా రుద్దుతాండా అబ్బీ. పెంకు పల్చగా ఉండే అంచుల్లో వేళ్లకు గీతలు తగుల్తానే ఉండాయి. రాతలేమో అనుకుంటాంటి. ఒక్కమాట అడిగింటే చెప్పుందును గదా" అంది. ఊళ్లో అందరినీ ఎట్ల తెలిసిందని నిలదీసే ఇంట్లో పుట్టి, ఆ రాయిని రోజూ తాకే ఒకే ఒక్క మనిషిని నేను ఏమీ అడగలేదు. ఆమెకు ఏం తెలిసి ఉంటుందిలే అని ముందే తీర్మానించుకున్నాను. పూజారులను నేను తిట్టే తిట్టు సరిగ్గా ఇదే.

మర్నాడు నాకు జ్వరం వచ్చింది. ఎండదెబ్బ, పొగ, అంతే. కానీ మూడు రోజుల గడువు మధ్యలో వచ్చింది కాబట్టి అమ్మ నన్ను వెనకింట్లో పడుకోబెట్టి, వచ్చినవాళ్లకు "మావాడు చదువుకుంటాండాడు" అని చెప్పింది. మూడో రోజు సాయంత్రం జ్వరం తగ్గకుండానే తెల్లచొక్కా వేసుకుని ఊరంతా ఒక చుట్టు తిరిగి వచ్చాను. పందెం గెలిచాను. ఆడవాళ్లు మాత్రం ఆ శుక్రవారమే ఆముదం తీసుకుని గుట్ట ఎక్కారు. నాయన జమ్మలమడుగు నుంచి వచ్చి అంతా విని, అరుగు మీద కూర్చుని ఒకటే అడిగాడు. "ఆ రాయిలో ఏమీ లేదని నీకెట్ల తెలిసింది?" నేను లోపలికి పోబోతే, "పొయ్యి పీరమ్మతో తప్పయిందని చెప్పు" అన్నాడు. పోలేదు. సెలవులు అయిపోకముందే కడప బస్సెక్కాను.

ఆ తర్వాత చేసినది ఇంకా పెద్ద తప్పు. యాభై ఏళ్లకు పైగా నేను హేతువాద సభల వేదికల మీద ఆ కథ చెప్పాను. ఒక గ్రామదేవతను నా చేతులతో కడిగాను, నాకు తలనొప్పి కూడా రాలేదు అనేవాణ్ణి. చప్పట్లు పడేవి. అక్షరాల సంగతి, నీళ్ల సంగతి, జ్వరం సంగతి ఎక్కడా చెప్పలేదు. వ్యాసాల్లోనూ రాయలేదు. మన ఉద్యమానికి నష్టం కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం చెప్పి భక్తిని నిలబెట్టేవాణ్ణి మోసగాడంటాం. నిజం దాచి హేతువాదాన్ని నిలబెట్టినవాడికి వేరే పేరు ఉండాలని నేను అనుకోను. నేను ఖాళీగా వదిలిన చోటులోకి ఓబులేసు కమిటీ ఒక సైన్యాన్ని తెచ్చి నిలబెట్టింది. ఆ సైన్యం చేసిన పాపానికి దస్తగిరమ్మ తాళం బయట కూర్చుంది.

ఆ సాయంత్రమే కారును ఓబులేసు ఇంటికి తిప్పమన్నాను. కమిటీవాళ్లు ఏడెనిమిది మంది వరండాలో గుడి నమూనా చూస్తున్నారు. కాఫీ వద్దని, నిలబడే ఉన్నదంతా చెప్పాను. మంట, అక్షరాలు, నీళ్లు. ఓబులేసు లేచి కుర్చీ నా వైపు జరిపాడు.

"కూర్చో చిన్నాయనా. నువ్వు కడిగినావని ఊరందరికీ తెలుసు. పగలగొట్టినానని యాడ చెప్పినావు? నీ ఉపన్యాసాలు నేనే పదిసార్లు విన్నా. ఈరోజు ఆ దస్తగిరమ్మ మీద జాలిపడి నీ నెత్తిన ఏసుకుంటాండావు, అంతే."

"నిజం చెప్తాండా రా."

"ఆధారం చూపియ్ మరి. నువ్వే గదా నేర్పించింది."

దగ్గరగా నిలబడి చూసిన పెద్దలెవరూ మిగల్లేదు, అప్పటి పిల్లలకు మంట, పొగ తప్ప ఏమీ గుర్తులేదు, పీరమ్మ తన ఇంట్లో కూడా చెప్పినట్టు లేదు. నేనే సాక్షి, నేనే ముద్దాయి. నా మాట చెల్లకుండా చేసినవి నా ఉపన్యాసాలే. కానీ అంత తేలిగ్గా వదిలే అలవాటు నాకు లేదు. ఆ రాత్రి ఊళ్లోనే ఉన్నాం. మర్నాడు పొద్దున కమిటీని గుట్ట కింద చేనుగట్టుకు రమ్మన్నాను. వచ్చారు, తమాషా చూద్దామని ఇంకో ముప్పై మంది కూడా వచ్చారు. కోట రాయి లాంటిదే ఒక నల్ల నాపబండ తెప్పించి నిలబెట్టి, ఆముదం పూసి, కంప పేర్చి కాల్చి, నీళ్లు కొట్టాను. వయసు మీద పడ్డ చేతులు, కుండ సగం నా మీదే ఒలికింది. అయినా టప్‌మన్న చప్పుడు వచ్చింది. పొర లేచింది. ఆ బండను నలుగురు మోసుకుని గుట్ట ఎక్కించి, కమిటీవాళ్లు తాళం తీస్తే లోపల కోటమ్మ పక్కన పెట్టి చూశారు. ఒకే గరుకు, ఒకే అంచు. ఉలి దెబ్బ ఒక్కటి కూడా కోటమ్మ మీద లేదు.

ఓబులేసు వంగి రెండింటినీ వేలితో తడిమాడు. "ఇట్ల పగుల్తాదని తెలిసింది. నువ్వే పగలగొట్టినావని యాడ తెలిసింది చిన్నాయనా?"

వాదనలో తప్పు లేదు. మా నాయన మనవడే. కోపం రావాల్సిన చోట నాకు సంతోషం వచ్చింది. "తెలీదు రా. నా మాట తప్ప ఇంకేం లేదు. సరే, నన్ను అడిగినట్టే ఆ బోర్డునూ అడుగు. సైన్యం వచ్చిందని దానికెట్ల తెలిసింది? ఆ సైన్యం ఉలి వాడకుండా కంప పెట్టి కాల్చిందా? నాకు నా మాటన్నా ఉండాది. దానికేముండాది?"

జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. బోర్డు రాసిన పెయింటరు అక్కడే ఉన్నాడు. "నాకేం తెల్దు సామీ, వాళ్లు చెప్పినారు, నేను రాసినా" అని చేతులెత్తేశాడు. ఈసారి అందరూ నవ్వారు. ఓబులేసు ముఖం ఎర్రబడింది. కమిటీవాళ్లు పక్కకు పోయి మాట్లాడుకున్నారు. తిరిగొచ్చి, సైన్యాల మాట చెరిపేస్తామనీ, దస్తగిరమ్మ మునుపటి మాదిరే వచ్చి పోవచ్చుననీ చెప్పారు. తాళం మళ్లీ వెయ్యలేదు. నా పేరు మాత్రం బోర్డు మీద రాయరట. "అమ్మవారిని పగలగొట్టింది మన ఇంటోడేనని రాసుకుంటామా? ఇంటి పరువు చూసుకో" అన్నాడు ఓబులేసు.

దస్తగిరమ్మ లోపలికి పోతూ నా దగ్గర ఆగింది. నన్ను మెచ్చుకుంటుందని అనుకున్నాను. "శానా బాగుండాది గానీ అన్నా, మా అవ్వ ఉన్నప్పుడు చెప్పల్సింది" అని పోయింది. అంతకంటే న్యాయమైన తీర్పు నాకు ఎవరూ ఇవ్వలేదు.

ఆ రోజులు మంచివని, ఈ రోజులు చెడ్డవని నేను చెప్పను. ఆ రోజుల్లోనే నేను ఆ పని చేశాను. కానీ అప్పుడు మా అరుగు మీద నమ్మినవాడూ నమ్మనివాడూ ఒకే బండ మీద కూర్చుని, ఒకరి ముఖం ఒకరు చూస్తూ తగువు పడేవాళ్లు. ఆచారి ఓడిన రోజు కూడా మా ఇంట్లో మజ్జిగ తాగే పోయేవాడు. ఇప్పుడు బోర్డుకు ముఖం లేదు. దానితో ఎవరూ వాదించరు. చదివి, ఫోటో తీసుకుని, నమ్మి పోతారు. ఆ బోర్డు మీద ఖాళీ చేసిన చోటును రేపు ఇంకెవరైనా ఇంకో అబద్ధంతో నింపగలరు. నా తర్వాత కాదనేవాళ్లు ఉండరు. కోటమ్మ నాకు ఇప్పటికీ రాయే. ఆ రాయికి నేను చేసినది నా పేరుతోనే ఉండాలి. అందుకే ఇక్కడ రాస్తున్నాను. వేదికల మీద నా కథకు చప్పట్లు కొట్టినవాళ్లు దయచేసి ఈ భాగం కూడా చదవండి.

సుజాత నన్ను వెనక్కి హైదరాబాదుకు తీసుకుపోదామని చూసింది. నేను పోలేదు. పక్క పట్నంలో మేనల్లుడి ఇంట్లో ఉంటూ, మంగళవారం మంగళవారం బస్సెక్కి మా ఊరికి పోతున్నాను. మోకాళ్లు సహకరించే వేగంతో గుట్ట ఎక్కి, ద్వారం దగ్గర మెట్టు మీద కూర్చుంటాను. ఓబులేసు మొదటి వారం ముఖం తిప్పుకున్నాడు. రెండో వారం కుర్చీ ఒకటి పంపించాడు. వద్దని తిప్పి పంపాను. లోపల దస్తగిరమ్మ తన పని తాను చేసుకుంటూ ఉంటుంది. గండికోట చూసి వచ్చేవాళ్లు ఒకరిద్దరు దారి తప్పినట్టు ఇక్కడికీ వస్తున్నారు. మొన్న ప్రొద్దుటూరు నుంచి ఒక కుటుంబం వచ్చింది. వాళ్లలో పెద్దావిడ రాయిని చూసి, బోర్డు చూసి, అందులో ఏమీ దొరక్క నా వైపు తిరిగింది.

"ఇంత మంచి రాయిని ఎవురప్పా ఇట్ల చేసింది?"

"నేనేనమ్మా" అన్నాను. "కూర్చో, చెప్తా."